నిషిద్ధ ప్రయోగాల సంపుటి

మా కేంద్రంలో ఇంటర్నెట్ చూడటం నిషేధించడానికి కారణం ఒక ఫొటోల ఫోల్డరు.

మాకంటే ముందు బ్యాచ్‌లో ఒకావిడ ఫైళ్ళ పేర్లు మార్చే పద్ధతి ఏదో ఇంటర్నెట్‌లో చూసి, ఉన్నది ఉన్నట్టు దించి నడిపిందట. అది పేర్లు మార్చడానికి బదులు ఫైళ్ళనే తీసేసింది. పోయినవాటిలో సంచాలకులు ఏకాంబరం గారు కేంద్రం ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటోలు కూడా ఉన్నాయి. రిబ్బన్ మళ్ళీ కట్టించి మళ్ళీ కత్తిరించారు గానీ, మొదటిసారి ఉన్న కళ రెండోసారి రాలేదని ఆయన బాధ.

ఆ బాధలోంచి ఒక ఉత్తర్వు పుట్టింది. నేను చేరిన రోజున ముందుగా దాని మీదే సంతకం పెట్టించారు.

"ఇందుమూలంగా అభ్యర్థినులకు తెలియజేయడమేమనగా, ప్రోగ్రామింగ్ భాషకు సంబంధించిన సమస్త సమాచారాన్ని నిర్ధారణ సంఘం ఆమోదించిన ప్రమాణ గ్రంథం నుంచి మాత్రమే గ్రహించవలెను. ఆమోదం లేని జ్ఞానం కలిగి ఉండుట క్రమశిక్షణా చర్యకు దారితీయగలదు."

మాది గృహిణుల సాంకేతిక పునఃప్రవేశ కేంద్రం. డిగ్రీ చదివి, పెళ్ళి చేసుకుని, ఇళ్ళల్లో ఉండిపోయిన మాలాంటివాళ్ళకు పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్పడానికి పెట్టారు. నేను లెక్కల్లో బీయెస్సీ. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయి చేరాను.

ఆ సంతకానికి నాకు అభ్యంతరమేమీ కనిపించలేదు. పుస్తకం అంటే నాకు మొదటినుంచీ గౌరవమే. మా ఇంట్లో మిక్సీ కొన్నా, కుక్కరు కొన్నా దానితో వచ్చిన చిన్న పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివేది నేనే. "అది చదవడానికి ఇస్తారనుకున్నావా వకుళా, డబ్బాలో మిక్సీ ఊగకుండా పెడతారు" అంటారు మా ఆయన. కానీ వాటిల్లో మంచివి, చెడ్డవి ఉన్నాయి. మంచిది అయితే ఈ మీట ఏం చేస్తుందో, అందులో ఏం వేయొచ్చో, ఎంత వేయొచ్చో, వేయకూడనిది వేస్తే ఏమవుతుందో చెబుతుంది. చెడ్డది అయితే కంపెనీ చరిత్ర చెప్పి, మిగతా వివరాలకు మీ డీలరును సంప్రదించండి అంటుంది. ప్రమాణ గ్రంథం మొదటి రకం అయి ఉంటుందని నమ్మాను.

నా పక్క కుర్చీ ఝాన్సీది. ముప్పై దాటిన మనిషి. వాళ్ళాయన ఫొటో స్టూడియో ఫోన్లు వచ్చాక మూతపడింది. ఆమెకు మధ్యాహ్నాల బెంగ లేదు, ఉద్యోగం బెంగ ఉంది. సహకార డెయిరీలో డేటా సహాయకురాలి పోస్టు ఒకటి పడింది. దానికి మా కేంద్రం సర్టిఫికెట్ ఉండాలి, ఇంటర్వ్యూలో వాళ్ళ కళ్ళముందే ఒక ప్రోగ్రాం రాసి నడిపించి చూపాలి. ఈ ఏడు తప్పితే ఝాన్సీకి వయసు దాటిపోతుంది.

"సర్టిఫికెట్ సార్ చేతిలో ఉంది, నడిపించేది నా చేతిలో ఉంది. రెంటికీ మధ్యలో ఈ పుస్తకం ఉందక్కా" అంది.

పుస్తకం రావడానికి ఆలస్యమైంది. నిర్ధారణ సంఘం ప్రతి పేజీనీ నిర్ధారించాలి కదా. సంఘంలో ఏకాంబరం గారు అధ్యక్షులు. ఆయన అంతకుముందు పట్టుపురుగుల శాఖలో పనిచేశారు. ముద్రణాలయంలో సూపరింటెండెంటుగా రిటైరైన దొరస్వామి గారు సభ్యులు. మాకు పాఠం చెప్పే ఇమ్రాన్ సార్ కూడా సభ్యుడే గానీ, కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి ఓటు లేదు. టీ తెప్పించేటప్పుడు మాత్రం అభిప్రాయం అడిగేవారట.

చివరికి పుస్తకం వచ్చింది. ముందు భాగమంతా సందేశాలు. పెద్దల ఫొటోలు, వారి ఆశీస్సులు, పైథాన్ మహిళాభ్యుదయానికి ఎలా సోపానమో వివరించే వాక్యాలు. భాష మొదలయ్యేసరికి ఝాన్సీ ఆవులించింది.

నేను ముందు విషయసూచిక కోసం వెతికాను. లేదు.

"విషయసూచిక ఉంటే కావలసిన పేజీ మాత్రమే చదువుతారమ్మా," అన్నారు దొరస్వామి గారు. పుస్తకం పంచడానికి ఆయనే స్వయంగా వచ్చారు. "అందుకే సంఘం తొలగించింది. గ్రంథాన్ని ఆసాంతం పఠించాలి."

"తప్పులొస్తే ఏం చేయాలో చెప్పే భాగం కూడా కనబడటంలేదండీ."

"అది నిరుత్సాహకరంగా ఉందని తీసేశాం. ఆడవాళ్ళు కదా, భయపడతారు."

ఉదాహరణలు మాత్రం అధ్యాయానికి ఒకటి చొప్పున ఉంచారు. అన్ని లైన్లూ ఎడమ అంచుకి ఆనుకుని, గోడకి నిలబెట్టిన పిల్లల్లా వరసగా ఉన్నాయి.

ఇక్కడ ఈ భాష సంగతి ఒకటి చెప్పాలి. ‘పాలు పొంగితే’ అని ఒక లైను రాశామనుకోండి. పొంగినప్పుడు చేయాల్సిన పనులు దాని కింద కాస్త లోపలికి జరిపి రాయాలి. ఏ పని ఏ మాట కిందిదో యంత్రం ఆ ఖాళీని చూసే తెలుసుకుంటుంది. జరపకపోతే ఒప్పుకోదు, ఎర్రటి అక్షరాలతో తప్పు చూపించి కూర్చుంటుంది.

ఇమ్రాన్ సార్ పుస్తకం తెరిచి, మొదటి ఉదాహరణ మీద వేలు పెట్టారు.

"సార్, ఈ ఖాళీలు..." అన్నారు మెల్లగా.

"తీయించింది నేనే," అన్నారు దొరస్వామి గారు తృప్తిగా. "కాగితం పొదుపు ఉత్తర్వు ఉంది. ప్రతి లైనూ అంచు నుంచే మొదలవ్వాలి. కాగితం మీద ఖాళీ అంటే ప్రజాధనం బాబూ. నా సర్వీసులో ఖాళీ వదిలి అచ్చేసిన పాపం ఎరగను."

ఆ రోజు గదిలో ఉన్న కంప్యూటర్లన్నిటి మీదా ఎర్రటి అక్షరాలే. ఎవరు ఏ ఉదాహరణ కొట్టినా అంతే. ఏకాంబరం గారు తనిఖీకి వచ్చారు.

"ఏమిటీ ఎర్ర రాత?"

"ఎర్రర్ సార్," అన్నారు ఇమ్రాన్ సార్.

"గ్రంథంలో ఎక్కడుంది?"

"గ్రంథంలో లేదు సార్. ఆ భాగం సంఘం తీసేసింది."

"లేనిది ఎలా వస్తుంది?"

ఇమ్రాన్ సార్ ఏదో చెప్పబోయి, కాంట్రాక్టు గుర్తొచ్చి ఊరుకున్నారు. ఏకాంబరం గారు ఒక్కో తెర ముందూ ఆగి, పట్టుపురుగుల తట్టలు చూసినట్టు వంగి చూశారు.

"అభ్యర్థినులు గ్రంథంలో ఉన్నది ఉన్నట్టే కొట్టారా?"

"కొట్టాం సార్," అన్నాం.

"గ్రంథం సంఘం ఆమోదం పొందింది. కాబట్టి దోషం గ్రంథానిది కాదు. గ్రంథాన్ని అనుసరించారు గనుక మీదీ కాదు." ఆయన నిటారుగా నిలబడ్డారు. "అంటే యంత్రాలు ధిక్కరిస్తున్నాయన్నమాట."

మర్నాడు వచ్చేసరికి ప్రతి కంప్యూటరు నుదుటి మీదా ఒక నోటీసు అంటించి ఉంది. ప్రమాణ గ్రంథాన్ని పాటించకపోవడానికి గల కారణాలను నిర్ణీత గడువులోగా లిఖితపూర్వకంగా తెలపాలని, లేనిపక్షంలో చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించి తగు చర్య తీసుకోబడుతుందని అందులో ఉంది. నా కంప్యూటరు ఆ నోటీసు కింద నుంచే, కారణం ఇదీ, ఫలానా లైనులో ఖాళీ లేదు అని ఎర్రటి అక్షరాలతో చూపిస్తూనే ఉంది. అది ఇంగ్లీషులో ఉండటం వల్లనో, కార్యాలయ ముద్ర లేకపోవడం వల్లనో సంజాయిషీగా స్వీకరించలేదు.

గడువు దాటాక వాటిని సస్పెండ్ చేశారు. తీగలు పీకి, మీద పాత బ్యానరు గుడ్డలు కప్పారు. విచారణ పూర్తయ్యేదాకా కరెంటులో సగం మాత్రమే ఇవ్వాలని ఒక సూచన వచ్చిందట గానీ, సాంకేతిక కారణాల వల్ల కుదరలేదు.

తర్వాత శిక్షణ చాలా సాఫీగా సాగింది. మేం ప్రోగ్రాం కాగితం మీద రాసేవాళ్ళం. ఇమ్రాన్ సార్ దాన్ని గ్రంథంతో పోల్చి, అక్షరం తేడా లేకపోతే ‘నడిచినది’ అని రాసేవారు. మా బ్యాచ్‌లో ప్రోగ్రాములన్నీ నడిచాయి.

"నాకేం చేయాలో తెలీటంలేదక్కా," అంది ఝాన్సీ బస్టాపు దగ్గర. "ఇక్కడ పుస్తకంలో ఉన్నట్టు రాస్తే పాసు. డెయిరీలో అట్ల రాస్తే ఫెయిలు. ఇక్కడ సరిగ్గా రాస్తే సర్టిఫికెట్టే రాదు."

"రెండూ నేర్చుకో."

"ఒకటే దిక్కులేదంటే రెండంటావు. ఆ రెండోది ఏ పుస్తకంలో ఉంది?"

అది సరైన ప్రశ్నే. ఆ మధ్యాహ్నం మా వంటింటి బల్ల మీద మా అమ్మాయి వదిలేసిన పాత లాప్‌టాప్ తెరిచాం. వెతికితే దొరకకపోవడం లేదు, దొరకడమే ఎక్కువైంది. ఒకచోట పది నిమిషాల్లో పండితులవుతారని ఉంది. ఒకాయన వీడియోలో తన కుక్కను పరిచయం చేసి, నచ్చితే గంట నొక్కమన్నాడు. ఇంకోచోట ఎవరో సరిగ్గా మా సందేహమే అడిగారు, కింద మరొకరు ‘నాకూ ఇదే సమస్య’ అని రాశారు, ఆపైన ప్రపంచంలో ఎవరూ ఏమీ రాయలేదు.

"అక్కా, ఇది ఏ కాలంనాటిదో. ఇందులో ఉన్నట్టు కొడితే వేరేగా వస్తోంది" అంది ఝాన్సీ.

చివరికి ఆ భాష తయారుచేసినవాళ్ళే రాసిపెట్టిన అసలు వివరణ పట్టుకున్నాం. మంచిదే. కానీ అది అంతా తెలిసినవాళ్ళు, ఇంకాస్త తెలుసుకోవడానికి చదివేలా ఉంది. పెసరట్టు అడిగితే పెసర పంట గురించి చెప్పినట్టు. దాన్ని పక్కన పెట్టుకుని, ఒక్కో సంగతీ లాప్‌టాప్ మీద వేసి చూసి, నిజమని తేలాకే తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఇది ఏం చేస్తుంది, దీనికి ఏం ఇవ్వాలి, తిరిగి ఏం వస్తుంది, చిన్న ఉదాహరణ. తప్పుగా ఇస్తే వచ్చే ఎర్ర రాత ఏమిటి, దానికి అర్థం ఏమిటి. నేను రాసింది ఝాన్సీ చదివి, నన్ను ఏమీ అడగకుండా చేయగలిగితే ఉంచేదాన్ని. అడిగితే తిరగరాసేదాన్ని.

"మా అత్త కూడా ఇంత సతాయించదు," అనేది ఝాన్సీ, మూడోసారి చదువుతూ.

ఆ కాగితాలు జెరాక్స్ అయి బ్యాచ్ అంతా పాకాయి. టిఫిన్ సంచుల్లో, చీర మడతల్లో తిరిగాయి. అందరికంటే ముందు ఒక కాపీ ఇమ్రాన్ సార్ తీసుకున్నారు, ఎవరికీ చెప్పొద్దని.

ఝాన్సీ టిఫిన్ సంచి జారి పడ్డ రోజు ఏకాంబరం గారు వరండాలోనే ఉన్నారు. చపాతీలు ఒకవైపు, కాగితాలు ఒకవైపు పడ్డాయి. ఆయన చపాతీలు వదిలేశారు.

సాయంత్రానికి నిర్ధారణ సంఘం విచారణ సంఘంగా మారి కూర్చుంది. ఝాన్సీని ముందు పిలిచారు. తోడుగా నేనూ లోపలికి వెళ్ళాను.

"ఆమోదం లేని జ్ఞానం నీ సంచిలో పట్టుబడింది," అన్నారు ఏకాంబరం గారు. "నీ సర్టిఫికెట్ నిలిపివేయబడింది."

ఝాన్సీ ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, మూడు నెలల్లో ఇంటర్వ్యూ సార్."

"అది వేరే సంస్థ అంతర్గత విషయం."

"అవి నేను రాసినవండీ," అన్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "మీకు ఎవరు అధికారం ఇచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి. వేసి చూస్తే పనిచేసింది, రాశాను."

"పనిచేయడం అనేది ప్రమాణం కాదమ్మా. అలా అయితే సంఘం ఎందుకు?"

ఆయన కాగితాలు తిప్పుతూ, "నేర తీవ్రత తెలియాలి. ఇది ప్రమాణ గ్రంథంతో ఎన్నిచోట్ల విభేదిస్తోందో నమోదు చేయాలి" అన్నారు.

"అన్నిచోట్లా సార్," అన్నారు ఇమ్రాన్ సార్. ఓటు లేకపోయినా నిజం చెప్పారు.

"అయితే అన్నీ నమోదు కావాలి. వీటిని ఒక సంపుటిగా అచ్చువేసి ప్రతి అభ్యర్థినికీ ఇవ్వాలి. నిషిద్ధం ఏదో తెలియకపోతే దాన్నుంచి దూరంగా ఎలా ఉంటారు? తెలియదనడం చట్టం ముందు చెల్లదు."

దొరస్వామి గారు కాగితం అందుకుని, జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీశారు. "ఈ ఖాళీలు తీసేసి..."

"సాక్ష్యం కదండీ," అన్నాను. "సాక్ష్యాన్ని దిద్దవచ్చునా?"

పెన్ను ఆగింది. ఆయన నిజాయితీపరుడు. "దిద్దరాదు. సాక్ష్యం యథాతథంగా ముద్రించాలి. చుక్క కూడా కదపరాదు. కాగితం పొదుపు ఉత్తర్వు సాక్ష్యానికి వర్తించదు."

"తప్పు చేస్తే వచ్చే ఎర్ర రాతలు కూడా ఇందులో ఉన్నాయే. ఇవి తొలగిద్దామా?" అన్నారు ఏకాంబరం గారు.

"అవి నేర పర్యవసానాలు కదండీ," అన్నాను. "చూసి భయపడాలి."

"భయపడాలి," అని ఆయన ఒప్పుకున్నారు.

"తనిఖీకి వచ్చినప్పుడు ఏ నేరం ఏ పేజీలో ఉందో వెంటనే దొరకాలంటే వెనకాల అకారాది సూచిక ఒకటి ఉంటే..."

"రాసుకోండి," అన్నారు ఆయన ఇమ్రాన్ సార్‌తో. ఇమ్రాన్ సార్ తల ఎత్తకుండా రాసుకున్నారు. ఆయన భుజాలు మాత్రం కాస్త కదిలాయి.

ఝాన్సీకి శిక్ష ఖరారైంది. సంపుటిలోని ప్రతి ఉల్లంఘననీ ఆమె క్షుణ్ణంగా ఎరిగి ఉన్నట్టు పరీక్షలో నిరూపించుకోవాలి. నిరూపించుకుంటేనే సర్టిఫికెట్.

నిషిద్ధ ప్రయోగాల సంపుటి చక్కగా వచ్చింది. సందేశాలు లేవు, నేరాల పుస్తకానికి ఫొటో ఇవ్వడానికి పెద్దలెవరూ ఒప్పుకోలేదు. ప్రతి ఉల్లంఘనకీ ఒక సంఖ్య. అచ్చుతప్పులు దిద్దడానికి ప్రూఫులు నాకే పంపారు, నేరస్థురాలికి తప్ప ఇతరులకు సాక్ష్యం అర్థం కాదని. రెండుసార్లు దిద్దాను. దొరస్వామి గారు ప్రతి ఖాళీనీ స్కేలు పెట్టి కొలిచి మరీ వేయించారు.

అప్పుడు మరో సమస్య వచ్చింది. ఉల్లంఘన జరిగితే ఏమవుతుందో నిరూపించకుండా నిషేధించడం సహజ న్యాయానికి విరుద్ధం. కాబట్టి సస్పెన్షన్‌లో ఉన్న కంప్యూటర్లను సాక్షులుగా పిలిచారు. బ్యానరు గుడ్డలు తీసి, తీగలు కలిపారు. రోజూ ఉదయం మేం ఒక్కో ఉల్లంఘనా చేసి చూపించేవాళ్ళం. యంత్రాలు అన్నిటినీ నడిపించాయి.

"చూశారా," అనేవారు ఏకాంబరం గారు వెనక చేతులు కట్టుకుని నడుస్తూ. "మంచి చెబితే వినలేదు. నేరమైతే ఎంత చురుగ్గా చేస్తున్నాయో."

పరీక్షలో మొదటి భాగం ప్రమాణ గ్రంథం మీద, రెండో భాగం నిషేధం మీద. ‘ఎన్నడూ రాయకూడని విధంగా ఒక ప్రోగ్రాం రాసి చూపుము’ అన్నది ఆఖరి ప్రశ్న. ఝాన్సీ తలెత్తకుండా రాసింది. గ్రంథం మీద బొటాబొటి మార్కులతో గట్టెక్కింది గానీ, రెండో భాగంలో అందరికంటే ఎక్కువ తెచ్చుకుంది. సర్టిఫికెట్ మీద ‘నిషిద్ధ ప్రయోగములందు ప్రథమ శ్రేణి’ అని అచ్చువేసి ఇచ్చారు.

ఇంటర్వ్యూ నాడు డెయిరీ దాకా నేనూ వెళ్ళాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. పక్క గదిలో పాల డబ్బాలు కడుగుతున్న చప్పుడు. తలుపు సందులోంచి ఝాన్సీ వీపు, ఆమె ముందున్న తెర కనబడుతున్నాయి.

రైతులు పోసిన పాలు, వాటి వెన్న శాతం ఇచ్చి, ఎవరికి ఎంత రావాలో లెక్క కట్టే ప్రోగ్రాం రాయమన్నారట. ఝాన్సీ రాసింది. నడిపింది. ఎర్ర రాత వచ్చింది.

బెంచీ మీద నేను చీర కొంగు నలిపేస్తున్నాను.

ఆమె ఆ రాతను దగ్గరగా వంగి చదివింది. "నలభయ్యో ఉల్లంఘన, రెండో పర్యవసానం," అని తనలో తాను అనుకుందట. ఒక రైతు పేరు ఎదురుగా పాల కొలత బదులు అక్షరాలు పడి ఉన్నాయట. దాన్ని సరిచూసే నాలుగు లైన్లు చేర్చింది, లోపలికి జరిపి. మళ్ళీ నడిపింది. లెక్కలు వరసగా వచ్చాయి.

ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన గొంతు వినిపించింది.

"తప్పు వస్తే ఏడ్చేవాళ్ళనే చూశామమ్మా పొద్దుటినుంచి. నువ్వు చదివావు. ఇంత శుభ్రంగా ఎక్కడ నేర్పారు?"

"మా కేంద్రంలోనే సార్," అంది ఝాన్సీ. "అక్కడ ఇది నిషేధం."

ఆయన సర్టిఫికెట్ చూశారు. మళ్ళీ చూశారు. పక్కాయనకి ఇచ్చారు. ఇద్దరూ కలిసి ఝాన్సీని సోమవారం నుంచి రమ్మన్నారు.

ఝాన్సీ బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని బస్టాపు దాకా నడిచింది. బస్సు ఎక్కాక, "అక్కా, నలభైలో చిన్న తేడా ఉంది, ‘విలువ’ అన్నచోట ‘సంఖ్య’ అనుండాలి," అంది. వచ్చే ముద్రణలో మారుద్దామన్నాను.

వారం తిరక్కుండా ఏకాంబరం గారు నన్ను పిలిపించారు. డెయిరీ నుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది, వాళ్ళ సిబ్బంది అందరికీ నిషిద్ధ సంపుటి కాపీలు కావాలని. గ్రంథం మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన ఉత్సాహంగా ఉన్నారు, కుర్చీ కూడా చూపించారు.

"చూశారా వకుళమ్మగారూ, మన నిషేధానికి జిల్లా అంతటా గుర్తింపు వస్తోంది. ఇంత జనాదరణ పొందిన నిషేధం ఇంకే కేంద్రంలోనూ లేదు. దీన్ని ఇక్కడితో ఆపరాదు. భాషలో ఇంకా నిషేధించదగిన విషయాలు చాలా ఉన్నాయని ఇమ్రాన్ నివేదించాడు. రెండో సంపుటి మీరే రాయాలి."

నేను ఒప్పుకున్నాను. సందేశాలు వద్దన్నాను, సరేనన్నారు. మూడు నెలలు పడుతుందన్నాను, సరేనన్నారు. ఇంకేమైనా షరతులున్నాయా అని అడిగారు.

"ఒక్కటేనండి," అన్నాను. "ఈసారి ఇంకా గట్టిగా నిషేధించాలి."